డీన్ కాబోతున్న శిష్యురాలికి

అమ్మా, ఆశీస్సులు.

పబ్లిక్ అఫైర్స్, అర్బన్ ప్లానింగ్ కలిసి ఉన్న స్కూలుకు నువ్వు డీన్‌వి అవుతున్నావని తెలిసి చాలా సంతోషించాను. సలహాలు అడిగావు కాబట్టి చెబుతున్నాను, నచ్చనివి పక్కన పెట్టెయ్.

కుర్చీలో కూర్చున్న కొద్ది రోజులకే నగరపాలక సంస్థ నుంచి ఫోన్ వస్తుంది. "మా ప్లాన్ మీద మీవాళ్లు ఒక అధ్యయనం చేసి పెట్టాలి" అంటారు. ఒప్పుకునే ముందు, నిర్ణయం ఇంకా జరగాల్సి ఉందా, లోపల ఎప్పుడో జరిగిపోయిందా అన్నది కనుక్కో. జరిగిపోయి ఉంటే వాళ్లు వచ్చింది యూనివర్సిటీ ముద్ర కోసమే. మర్యాదగా కాదని చెప్పు. నిజంగా తెలుసుకోవాలని వచ్చినవాళ్లయితే షరతులు ముందే రాయించుకో. ఫలితాలు వాళ్లకు నచ్చకపోయినా ప్రచురించే హక్కు మనదే. ముసాయిదా చూసి వాళ్లు లెక్కల్లో తప్పులు చూపించవచ్చు గానీ ముగింపు మార్చమనకూడదు. నోటిమాట మీద మొదలైన పని అవతల ఆఫీసర్ బదిలీ కాగానే గాల్లో కలుస్తుంది.

ప్రజాభిప్రాయ సేకరణ మీరే నడపాల్సి వస్తే ఇంకా జాగ్రత్త. నగర విధానాల మీద రాసిన అమెరికన్ షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో ప్రజల భాగస్వామ్యాన్ని 8 మెట్ల నిచ్చెనగా చూపించింది. అట్టడుగు మెట్టు మభ్యపెట్టడం, పై మెట్టు అధికారం పౌరుల చేతికి రావడం. ఊరికే సమాచారం చెప్పడం, అభిప్రాయం అడిగి ఊరుకోవడం మధ్యలో ఉంటాయి. వాటిని ఆవిడ మొక్కుబడి కిందే లెక్కేసింది. మీ సమావేశం ఏ మెట్టు మీద ఉందో మీ విద్యార్థుల్నే అడుగు. వాళ్లు మొహమాటపడరు.

స్కూల్లో పబ్లిక్ అఫైర్స్ వైపున్న పాలసీవాళ్లకూ ప్లానింగ్‌వాళ్లకూ పడదని నీకు చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. కొంత నిజమే, ఒకరు రిగ్రెషన్‌లు, అంటే గణాంక లెక్కలు చూస్తారు, ఇంకొకరు మ్యాపులు గీస్తారు. బలవంతంగా కలపకు, ఒకే పేట మీద ఇద్దరి విద్యార్థులూ కలిసి పనిచేసే ఉమ్మడి స్టూడియో క్లాసు పెట్టించు. నగర సమస్యలకు "ఇక అయిపోయింది" అనే చోటు ఉండదని, ఒకసారి చేసిన ప్రయోగాన్ని చెరిపేయలేమని 1973లో కలిసి రాసిన రిట్టెల్, వెబర్‌లలో ఒకరు డిజైన్ మాస్టారు, మరొకరు ప్లానింగ్ మాస్టారు.

నాకు బెంగ కుర్ర అధ్యాపకుల గురించే. ఏళ్ల తరబడి పేటల్లో తిరిగి, ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే జోనింగ్ నిబంధన ఒకటి మార్పించినవాడి పనిని ప్రమోషన్ కమిటీ పరిశోధనగా లెక్కించక "సర్వీస్" కింద రాసి వదిలేస్తుంది. ఆ నియమాలు మొదటి ఏడాదిలోనే మార్పించు. బయటి సమీక్షకుల్లో పని తెలిసిన నగర ప్లానర్లకూ చోటివ్వు. ఆలస్యం చేస్తే మంచివాళ్లు వెళ్లిపోతారు, ఆ తర్వాత నియమం మారినా లాభం లేదు.

స్కూలుకు డబ్బు ఇచ్చే సంస్థల బోర్డుల్లో నువ్వు కూర్చోకు. దీనికి వివరణ అక్కర్లేదనుకుంటా.

ఎంత టెన్షన్ ఉన్నా ఒక క్లాసు మాత్రం నీ దగ్గరే ఉంచుకో. నగరపాలక సంస్థతో షరతులు రాసుకునే ఒప్పందం నమూనా ఒకటి నా దగ్గర ఉంది, ఈ వారంలో పంపిస్తాను. సంతకం పెట్టేముందు మీ యూనివర్సిటీ లాయర్‌కు కూడా చూపించు.

మీ మాస్టారు