టెక్ సందేహాలు: బుల్లి రైలు ఆగిందా? ఫోన్ పక్కన పెట్టి ముందు పట్టాలు తుడవండి

కొన్నాళ్లుగా మోడల్ రైళ్ల మీద ప్రశ్నలు పోగవుతున్నాయి. వారానికొకటి చొప్పున చెప్పే బదులు ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేశాను. నాకు బాగా ఇష్టమైన విషయం కూడా ఇది. మీలో చాలామంది యాప్ గురించో, వైఫై గురించో, ఫర్మ్‌వేర్ గురించో అడిగారు. జవాబు మాత్రం చాలాసార్లు చక్రం పట్టాని తాకే ఆ కాస్త చోటే దొరుకుతుంది.

ప్రశ్న: సౌండ్ ఉన్న హెచ్ఓ (1:87 సైజు) డీజిల్ ఇంజిన్‌ని ఫోన్ యాప్‌తో నడుపుతున్నాను. బాగా తిరుగుతూనే ఉన్నట్టుండి ఆగుతుంది. ఇంజిన్ స్టార్టయ్యే శబ్దం మళ్లీ మొదటి నుంచి వస్తుంది, ఆ తర్వాత కదులుతుంది. యాప్ రెండుసార్లు తీసేసి మళ్లీ వేశాను. రౌటర్ మార్చాలా?

మార్చకండి. జవాబు మీ ప్రశ్నలోనే ఉంది: శబ్దం మొదటి నుంచి వస్తోంది.

డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) పద్ధతిలో కరెంటు, ఆదేశాలు రెండూ ఆ రెండు పట్టాల మీదుగానే వెళ్తాయి. ఆదేశాలు పంపే పెట్టె, అంటే కమాండ్ స్టేషన్, పట్టాల మీది వోల్టేజీని సెకనుకు కొన్ని వేలసార్లు అటూ ఇటూ తిప్పుతుంది. ఒక్కో సగం 58 మైక్రోసెకన్లుంటే అది 1. 100 మైక్రోసెకన్లు గానీ అంతకు మించి గానీ ఉంటే అది 0. ఈ ఒకట్లూ సున్నాలూ చదువుకునే ఇంజిన్ లోపలి డీకోడర్ ‘3వ నంబరు ఇంజిన్, ముందుకు, ఇంత వేగం’ అని తెలుసుకుంటుంది. మోటారుకీ స్పీకరుకీ కావలసిన కరెంటు కూడా అదే వోల్టేజీ నుంచి తీసుకుంటుంది. ఫోన్ పని కమాండ్ స్టేషన్ దాకానే. వైఫై తెగిపోతే ఇంజిన్ అదే వేగంతో పోతూనే ఉంటుంది, లేదా జాగ్రత్త కోసం పెట్టిన సెట్టింగ్ ఉంటే ఆగి నిలబడుతుంది. ఎలా అయినా శబ్దం వినిపిస్తూనే ఉంటుంది. శబ్దం మళ్లీ మొదలైందంటే డీకోడర్‌కి కరెంటు అందక అది ఆరిపోయి, అందగానే మళ్లీ లేచిందని అర్థం.

నాకూ ఒక సాయంత్రం ఇలాగే గడిచింది. నా ఎన్ స్కేల్ (1:160 సైజు) ఇంజిన్ పాయింట్ల (రైలు పట్టా మారే చోటు) దగ్గర తడబడుతుంటే కమాండ్ స్టేషన్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశాను, డీకోడర్ రీసెట్ చేశాను, యాప్ మార్చి చూశాను. రెండు గంటలు పోయాయి. చివరికి ఇంజిన్‌ని తిరగేసి లైటు కింద పెడితే, ప్రతి చక్రం మీదా పట్టా తగిలే చోట నల్లటి చార కనిపించింది. అగ్గిపుల్ల కొనతో గీరితే సన్నటి పొరలా లేచి వచ్చింది. తుడిచి పెట్టాక అదే పాయింట్ల మీద ఆగకుండా వెళ్లింది.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఒక్కటే, గమనించండి. ఆగుతున్నది ఎప్పుడూ ఒకే చోటా, ఎక్కడపడితే అక్కడా? ఒకే చోటైతే తప్పు పట్టాలది. ఎక్కడపడితే అక్కడైతే ఇంజిన్ చక్రాలది. ఇంకో ఇంజిన్ ఉంటే అదే దారిలో నడిపి చూడండి, అనుమానం తీరిపోతుంది.

చక్రాలు తుడవడానికి సులువైన పద్ధతి ఉంది. పేపర్ టవల్‌ని పట్టాల మీద అడ్డంగా పరిచి దాని మీద కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లండి. ఇంజిన్ ముందు వైపు చక్రాలు టవల్ మీద, వెనక వైపు చక్రాలు ఉత్త పట్టాల మీద ఉండేలా చేత్తో పట్టుకుని నెమ్మదిగా నడపండి. వెనక చక్రాలు కరెంటు తీసుకుంటాయి, ముందువి టవల్ మీద తిరుగుతూ శుభ్రమవుతాయి. టవల్ మీద రెండు నల్లటి గీతలు పడతాయి. తర్వాత ఇంజిన్‌ని తిప్పి రెండో వైపు కూడా అలాగే చేయండి. గీతలు పడటం ఆగేదాకా టవల్ జరుపుతూ ఉండండి. పట్టాలకి కూడా అదే ద్రవం, మెత్తటి నూలు గుడ్డ చాలు. గరుకు కాగితంతో మాత్రం రుద్దకండి. ఆ రోజుకి మెరుస్తాయి గానీ, పడిన గీతల్లో మురికి ఇంకా తొందరగా చేరుతుంది. పెట్టెలకి ప్లాస్టిక్ చక్రాలుంటే వీలు చూసుకుని లోహపు చక్రాలు వేయండి. పట్టాల మీద మురికి పేరుకోవడంలో ప్లాస్టిక్ చక్రాల వాటా పెద్దది.

అయినా అదే చోట ఆగుతుంటే వైర్లు చూడాలి. పట్టాలని ‘నికెల్ సిల్వర్’ అంటారు గానీ అందులో వెండి అసలు లేదు. అది రాగి, జింకు, నికెల్ కలిపిన లోహం. రాగి వైరంత బాగా కరెంటుని మోయలేదు. పైగా రెండు పట్టాలని కలిపే జాయినర్లు కాలం గడిచేకొద్దీ వదులవుతాయి. కమాండ్ స్టేషన్ నుంచి ఒక్క చోటే వైరిచ్చి ఓవల్ మొత్తం నడవాలంటే దూరంగా ఉన్న వైపు నీరసపడుతుంది. పట్టాల కిందుగా ఒక జత లావుపాటి వైర్లు తీసుకెళ్లి, మధ్యమధ్యలో చిన్న వైర్లని పట్టాలకి సోల్డర్ చేయండి. సరిపోయిందో లేదో నాణెంతో తెలుస్తుంది. అన్నిటికన్నా దూరంగా ఉన్న చోట రెండు పట్టాల మీదా ఒక్క క్షణం నాణెం ఆనించండి. కమాండ్ స్టేషన్ వెంటనే కట్ అయిపోవాలి. కట్ కాకపోతే నాణెం వెంటనే తీసేయండి. అక్కడి వైరింగ్ బలహీనంగా ఉందన్నమాట. నిజంగా షార్టయిన రోజు అక్కడ ఏదో ఒకటి కాలుతుంది.

డీకోడర్‌కి కరెంటుని కాసేపు దాచే కెపాసిటర్ తగిలించుకుంటే చిన్న చిన్న ఖాళీలు దాటేస్తుందన్న మాట నిజమే. కానీ అది చివరి పని. మురికి ఉండగా కెపాసిటర్ పెడితే జబ్బు కనపడదు, అంతే.

ప్రశ్న: మొదటిసారి కొంటున్నాను. టేబుల్ చిన్నది. ఏ స్కేల్ తీసుకోవాలి?

24 మీటర్ల అసలు పెట్టెని ఊహించుకోండి. 1:87 ఉండే హెచ్ఓలో అది 27.6 సెంటీమీటర్లు. 1:160 ఉండే ఎన్‌లో 15 సెంటీమీటర్లు. 1:220 ఉండే జడ్‌లో 11 సెంటీమీటర్లు. ఇలాంటివి ఐదు పెట్టెలు కలిపితే రైలెంత పొడవుంటుందో అట్ట ముక్క కత్తిరించి టేబుల్ మీద పెట్టి చూడండి. మలుపు కూడా లెక్కలోకి తీసుకోండి. హెచ్ఓలో బాగా బిగువైన మలుపు వ్యాసార్థమే 36 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. అంటే వెనక్కి తిరగడానికే 72 సెంటీమీటర్లకు పైగా వెడల్పు కావాలి. చిన్న టేబుల్ అంటున్నారు కాబట్టి ఎన్ తీసుకోండి. జడ్ చూడముచ్చటగా ఉంటుంది గానీ, అంత తేలికైన ఇంజిన్ ఏ కాస్త దుమ్మున్నా ఆగిపోతుంది. మొదటి సెట్‌కి వద్దు.

ఇంకొకటి. హెచ్ఓ, బ్రిటిష్ ఓఓ రెండూ 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీదే నడుస్తాయి. కానీ ఓఓ మోడల్ 1:76, అంటే పెద్దది. పట్టా సరిపోయిందని రెండూ కలిపి కొంటే పక్కపక్కన పెట్టినప్పుడు తేడా కళ్లకి కొడుతుంది.

ప్రశ్న: మా నాన్నగారు దాచిన పాత డీసీ ఇంజిన్ ఉంది. నా డిజిటల్ పట్టాల మీద పెట్టొచ్చా?

అలాగే తీసుకెళ్లి పెట్టకండి. డీసీ ఇంజిన్‌కి కావలసింది ఒకే దిశలో పారే కరెంటు. డీసీసీ పట్టాల మీద వోల్టేజీ అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. ఇంజిన్ కదలకుండా నిలబడినా మోటారు గుయ్యిమంటూ వేడెక్కుతుంది. కొన్ని కమాండ్ స్టేషన్లు సున్నా అడ్రస్ (ఇంజిన్ నంబరు) మీద డీసీ ఇంజిన్ నడపనిస్తాయి. అప్పుడు కూడా నిలబెట్టి ఉంచకూడదు. కోర్‌లెస్ (లోపల తిరిగే భాగంలో ఇనుప కోర్ లేని) మోటారైతే ఆ ప్రయత్నమే వద్దు, ఇట్టే కాలిపోతుంది.

డీకోడర్ పెట్టించాలనుకుంటే ముందు పాత డీసీ కంట్రోలర్ మీద నడిపి చూడండి. అక్కడ సాఫీగా నడవని ఇంజిన్ డీకోడర్ పెట్టినా నడవదు. తర్వాత పైకప్పు తీసి లోపల సాకెట్ ఉందేమో వెతకండి: 8 పిన్నులు, 21 పిన్నులు, ఎన్ స్కేల్లో 6 పిన్నులు, కొత్త వాటిలో నెక్స్ట్18. సాకెట్ ఉంటే పని తేలిక. పాతదానిలో ఏదీ ఉండకపోవచ్చు. అప్పుడు డీకోడర్ వైర్లు మీరే కలపాలి. ఎరుపు, నలుపు పట్టాల వైపు. నారింజ, బూడిద రంగు మోటారు వైపు.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. చాలా పాత ఇంజిన్లలో మోటారు బ్రష్‌లలో ఒకటి నేరుగా లోహపు చాసిస్‌కి (అడుగు చట్రానికి) తగిలి ఉంటుంది, చాసిస్ చక్రాలకి తగిలి ఉంటుంది. అలా వదిలేసి కరెంటిస్తే డీకోడర్ అప్పటికప్పుడే పోతుంది. మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి మోటారు రెండు కొనలకీ, ప్రతి చక్రానికీ మధ్య చూడండి. ఎక్కడా బీప్ రాకూడదు. అలాగే 12 వోల్టులిచ్చి మోటారుని ఒక్క క్షణం కదలకుండా పట్టుకుని ఎన్ని ఆంపియర్లు లాగుతోందో చూడండి. డీకోడర్ సామర్థ్యం దానికంటే ఎక్కువుండాలి.

నన్నడిగితే, కొన్నప్పటి అట్టపెట్టె, కాగితాలతో సహా ఉన్న ఇంజిన్‌ని కోయించకండి. దానికోసం విడిగా చిన్న డీసీ ఓవల్ వేసి అప్పుడప్పుడు నడపండి. నాన్నగారు విన్న మోటారు చప్పుడే మీరూ వింటారు.

ప్రశ్న: యాప్‌లో వేగం 0 నుంచి 126 దాకా చూపిస్తోంది. అసలు రైలు వేగానికి ఇది ఎంతతో సమానం?

దేనితోనూ సమానం కాదు. అది వేగం మెట్టు మాత్రమే, ఒక్కో ఇంజిన్‌కి ఒక్కోలా ఉంటుంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటే మీరే కొలుచుకోవచ్చు. పట్టాల పక్కన ఒక మీటరు దూరం గుర్తు పెట్టండి. స్కేల్ సంఖ్యని (హెచ్ఓకి 87, ఎన్‌కి 160) 3.6తో గుణించి, కావలసిన కిలోమీటర్ల వేగంతో భాగించండి. ఆ మీటరు దాటడానికి అన్ని సెకన్లు పట్టాలి. గంటకి 60 కిలోమీటర్ల వేగానికి హెచ్ఓలో 5.2 సెకన్లు, ఎన్‌లో 9.6 సెకన్లు వస్తుంది. ఒకసారి కొలిచి చూస్తే మనం రైళ్లని ఎంత పరుగు పెట్టిస్తున్నామో తెలిసిపోతుంది. డీకోడర్‌లో నంబర్లతో ఉండే సెట్టింగులని సీవీలంటారు: గరిష్ఠ వేగం తగ్గించడానికి చాలా డీకోడర్లలో సీవీ 5, మెల్లగా అందుకోవడానికి సీవీ 3, మెల్లగా ఆగడానికి సీవీ 4. గూడ్స్ బండికి సీవీ 3 కాస్త పెంచి చూడండి, బరువు లాగుతున్నట్టే కదులుతుంది.

ప్రశ్న: రైలు గుండ్రంగా తిరిగి వచ్చిన దారిలోనే కలిసేలా లూప్ వేశాను. అక్కడికి రాగానే మొత్తం కట్ అవుతోంది. డీకోడర్ పోయిందా?

పోలేదు. లూప్ తిరిగొచ్చిన చోట ఎడమ పట్టా వెళ్లి కుడి పట్టాకి కలుస్తుంది, అది నేరుగా షార్ట్. లూప్ రెండు చివర్లా రెండు పట్టాలనీ కోసి ఖాళీ వదిలి, ఆ ముక్కకి వోల్టేజీ దిశని దానంతటదే మార్చే ఆటో రివర్సర్ పెట్టండి. కోసిన ముక్క మీ అతి పొడవైన రైలుకన్నా పొడవుండాలి.

ప్రశ్న: ఇంజిన్లు, పెట్టెలు కలిపి 70 దాకా అయ్యాయి. ఏది ఏ అడ్రసో, ఏ సెట్టింగో గుర్తుండట్లేదు. మంచి యాప్ ఏది?

రెండు పనులున్నాయి, రెంటికీ వేర్వేరు సాధనాలు. డీకోడర్ సెట్టింగుల కోసం జేఎంఆర్‌ఐ అనే కంప్యూటర్ ప్రోగ్రాం వాడండి. ఉచితం, ఓపెన్ సోర్స్, విండోస్‌లో, మ్యాక్‌లో, లినక్స్‌లో నడుస్తుంది. రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ మీద కూడా పెట్టుకోవచ్చు. అందులోని డీకోడర్‌ప్రో ప్రతి ఇంజిన్ సీవీలన్నీ చదివి ఒక్కో ఫైలుగా దాస్తుంది. ఆ ఫోల్డర్‌ని ఇంకోచోట కూడా కాపీ చేసి పెట్టుకోండి. ఎప్పుడైనా డీకోడర్ పిచ్చిగా ప్రవర్తిస్తే, చాలా కంపెనీలవాటిలో సీవీ 8లో 8 రాస్తే ఫ్యాక్టరీ స్థితికి వస్తుంది, అడ్రస్ మళ్లీ 3 అవుతుంది. దాచిన ఫైలుంటే పాత సెట్టింగులు తిరిగి ఎక్కించడం నిమిషాల పని.

సేకరణ జాబితాకి మామూలు స్ప్రెడ్‌షీట్ చాలు. యాప్ తయారుచేసినవాళ్లు దాన్ని వదిలేసినా మీ జాబితా మీ దగ్గరే ఉంటుంది. తయారీదారు, క్యాటలాగ్ నంబరు, కొన్న తేదీ, స్థితి, అట్టపెట్టె ఉందా లేదా, ఆఖరుసారి నూనె వేసిందెప్పుడు, ఫోటో. వీటికి తోడు ‘ఆఖరుసారి తీసి చూసింది’ అని ఒక గడి తప్పకుండా పెట్టండి.

ఆ గడి ఎందుకంటే, పాత డై-కాస్ట్ (కరిగిన లోహం అచ్చులో పోసి చేసిన) మోడళ్లకి జింక్ పెస్ట్ అనే తెగులుంది. జింకు మిశ్రమంలో సీసం లాంటి మలినం కలిసిపోతే, ఏళ్లు గడిచాక లోహం లోపల్నుంచే చీలుతుంది. తేమ, వేడి దాన్ని తొందర పెడతాయి. మొదట వెంట్రుకంత పగుళ్లు. తర్వాత చాసిస్ ఉబ్బి వంకర పోతుంది. చివరికి వేలితో నొక్కితే బిస్కట్ ముక్కలా విరుగుతుంది. దానికి మందు లేదు. పక్క మోడల్‌కి అంటుకోదు, ఆ భయం అక్కర్లేదు. ఎండ, తేమ తగలని అల్మరాలో ఉంచి, ఆరు నెలలకోసారి ఒక్కోటి తీసి టార్చ్ వెలుగులో అడుగుభాగం చూడండి. స్పాంజి ప్యాకింగ్ ఉంటే అది జిగటగా మారిందేమో కూడా చూసి, మారితే మోడల్‌ని ఆసిడ్ లేని పల్చటి కాగితంలో చుట్టండి. చాసిస్‌లో పగుళ్లు కనిపిస్తే అదే రోజు పైబాడీని విడదీసి వేరే పెట్టెలో పెట్టండి. ఆలస్యమైతే లోపల ఉబ్బుతున్న చాసిస్ బాగున్న బాడీని కూడా పగలగొడుతుంది.