మూత తీసే ముందు ఒక మాట

అమ్మలూ,

హ్యాకర్‌స్పేస్‌లో (అందరూ కలిసి వస్తువులు తయారుచేసుకునే, బాగుచేసుకునే చోటు కదా) చేరావని, శనివారం రిపేరు బల్ల దగ్గర మొదటిసారి కూర్చుంటున్నావని చదివి చాలా సంతోషం వేసింది. ఎవరో పాడైన రేడియో తెస్తున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి బాబాయ్ అని అడిగావు. రేడియో సంగతి చివర్లో చెబుతాను. ముందు ఇది విను: అక్కడ నువ్వు ముట్టుకున్న ప్రతి వస్తువూ నీ తర్వాత ఇంకొకరి చేతికి వెళ్తుంది. ఇంట్లో నీ బల్ల మీద సగం విప్పి వదిలేసినా ఏ స్క్రూ ఎక్కడిదో నీకు గుర్తుంటుంది. అక్కడ నువ్వు లేని రోజు వేరే ఎవరో వచ్చి ఆ సగం విప్పినదాని ముందు కూర్చుంటారు. ఆ మనిషికి అన్నీ అర్థమయ్యేలా పని చేయడం ముఖ్యం, మిగతా నేర్పు మెల్లగా దానంతట అదే వస్తుంది.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు వస్తువు తెచ్చినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని అడుగు. ఎప్పుడు ఆగిపోయింది, ఒక్కసారిగా ఆగిందా, కొన్నాళ్లుగా సతాయిస్తోందా, కాలిన వాసన వచ్చిందా, కింద పడిందా, నీళ్లు పడ్డాయా, ఇంతకుముందు ఎవరైనా విప్పారా. చివరి ప్రశ్న తప్పకుండా అడుగు, దానికి జవాబు చెప్పడానికి జనం మొహమాటపడతారు, కానీ సగం చిక్కులు అక్కడే ఉంటాయి. తర్వాత స్క్రూడ్రైవర్ వాళ్ల చేతికే ఇవ్వు. 2009లో మార్టీన్ పోస్ట్మా ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలుపెట్టిన రిపేర్ కఫేల పద్ధతి కూడా ఇదే, తెచ్చినవాళ్లు, బాగుచేసేవాళ్లు కలిసి కూర్చుంటారు. నువ్వు ఒక్కదానివే చకచకా చేసి ఇచ్చేస్తే వాళ్లు థాంక్స్ చెప్పి వెళ్లిపోతారు, ఆ వస్తువు మళ్లీ పాడైతే మళ్లీ నీకోసమే వెతుక్కుంటారు.

ప్రతి మూత తీసే ముందూ ఫోన్‌తో ఒక ఫొటో, తీశాక ఒక ఫొటో. కాగితం మీద వస్తువు ఆకారం గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే టేపుతో అంటించు. కొన్నింటిలో ఒక్కో స్క్రూ ఒక్కో పొడవు, పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే అది కిందున్న బోర్డులోకి దిగిపోతుంది, మంచిగా ఉన్నది కూడా పోతుంది.

కరెంటు సంగతి కొంచెం గట్టిగానే చెబుతాను. మెయిన్స్‌తో నడిచేవాటిలో, ముఖ్యంగా స్విచ్చింగ్ పవర్ సప్లైలలో, 230 వోల్టులు లోపలికి వచ్చి డీసీగా మారేసరికి దాదాపు 325 వోల్టులు అవుతాయి. ఆ వోల్టేజీని పట్టి ఉంచే లావుపాటి కెపాసిటర్, ప్లగ్ తీసేశాక కూడా ఖాళీ కాకపోవచ్చు. దాన్ని స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి చూపించేవాళ్లు ఉంటారు, నువ్వు చేయకు. 10 కిలో ఓంలు, 5 వాట్ల రెసిస్టర్‌కి బాగా ఇన్సులేషన్ ఉన్న తీగలు తగిలించుకుని, కెపాసిటర్ రెండు కాళ్లకీ పది పదిహేను సెకన్లు ఆనించి, ఆ తర్వాత మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి చూడు. మీటర్ సున్నా దగ్గరికి వచ్చాకే వేలు పెట్టు. మైక్రోవేవ్ ఓవెన్ మాత్రం అసలు తీసుకోకు. దాని లోపల వేల వోల్టులు ఉంటాయి, తెలిసినవాళ్లు కూడా దానివల్ల పోయారు. ఉబ్బిన లిథియం బ్యాటరీ వస్తే గుచ్చకు, నొక్కకు, ఛార్జింగ్ పెట్టకు, మండే వస్తువులకి దూరంగా పెట్టి పెద్దవాళ్లని పిలువు. వద్దు అని చెప్పడానికి సిగ్గుపడకు.

ఫ్యూజ్ పోయింది కదా అని కొత్తది వేసి ప్లగ్ పెట్టేయడం అందరం మొదట్లో చేసే తప్పే. ఫ్యూజ్ గాజు లోపల నల్లగా మాడి ఉంటే లోపలెక్కడో గట్టి షార్ట్ ఉన్నట్టు. అప్పుడు సిరీస్ ల్యాంప్ వాడు. ఫిలమెంట్ ఉన్న పాతకాలపు 60 లేదా 100 వాట్ల బల్బుని వస్తువుకి సిరీస్‌లో కలుపుతారు, ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. బల్బు నిండుగా వెలుగుతూ ఉండిపోతే లోపల షార్ట్ ఉన్నట్టు, వెలిగి మసకబారితే లేనట్టు. ఒకసారి మా బల్ల మీదకి ఒక యాంప్లిఫయర్ వచ్చింది. స్విచ్ వేయగానే బల్బు నిండుగా వెలిగింది, అలాగే ఉండిపోయింది. ఒక్కో భాగాన్నీ విడదీసి చూస్తూ వెళ్లాం, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో ఒకటి మూడు కాళ్ల మధ్యా షార్ట్ చూపించింది. అది, దాని జంటది మార్చి మళ్లీ స్విచ్ వేశాం. ఈసారి బల్బు ఒక్క క్షణం భగ్గుమని, మెల్లగా మసకబారి, ఫిలమెంట్ ఎర్రటి దారంలా మిగిలింది. తెచ్చిన పెద్దాయన మా కంటే ముందు నవ్వాడు. ఒకటి గుర్తుపెట్టుకో, బల్బు ఉన్నంత మాత్రాన షాక్ కొట్టకుండా ఉండదు, అది కాపాడేది వస్తువుని, నిన్ను కాదు.

సోల్డరింగ్, అంటే లోహాన్ని కరిగించి అతికించడం, చేత్తో చేస్తేనే వస్తుంది కాబట్టి రెండు ముక్కలే రాస్తాను. సీసం ఉన్న 63/37 సోల్డర్ 183 డిగ్రీలకే కరుగుతుంది, సీసం లేనిది కరగాలంటే 217 డిగ్రీలు దాటాలి. 2006 జులై నుంచి యూరప్‌లో సీసం మీద నిబంధన వచ్చాక తయారైన బోర్డులు చాలావరకు సీసం లేనివే, అందుకే పాత అలవాటుతో ఐరన్ పెడితే అతుకు కదలదు. సోల్డర్ బాగా పారేలా చేసే ఫ్లక్స్ కొంచెం వేసి, కొత్త సోల్డర్ కాస్త కలుపు, సులువుగా వస్తుంది. ఐరన్‌ని భాగం కాలుకీ, బోర్డు మీది రాగి ప్యాడ్‌కీ రెండింటికీ ఆనించు, సోల్డర్‌ని ఐరన్‌కి కాదు అతుకుకి తాకించు. మెరుపు లేకుండా చుట్టూ సన్నటి గీత కనిపిస్తే అది డ్రై సోల్డర్, అంటే సరిగ్గా పట్టుకోని అతుకు. వస్తువుని తట్టితే పనిచేసి, వదిలేస్తే ఆగిపోతోందంటే మొదట అనుమానించాల్సింది అదే. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కో.

ఇక గ్రూప్ ప్రాజెక్టులు. నాకు బాధ మిగిల్చిందీ ఇక్కడే. ఆరుగురం కలిసి వాన, గాలి, ఉష్ణోగ్రత కొలిచే స్టేషన్ ఒకటి కట్టాం. నాలుగు నెలలు ఎంత ఉత్సాహంగా చేశామో చెప్పలేను. సెన్సర్లు ఒకరు, పెట్టె ఒకరు, కోడ్ మొత్తం ఒకరు. ఆ కోడ్ రాసే కుర్రాడికి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది, వెళ్లిపోయాడు. కోడ్ అతని ల్యాప్‌టాప్‌లోనే ఉంది, ఆ ల్యాప్‌టాప్ కూడా తర్వాత పాడైపోయింది. బోర్డు నుంచి పదకొండు తీగలు బయటికి వచ్చి ఉన్నాయి, అన్నీ ఎరుపే, ఒక్కదానికీ చీటీ లేదు. మేం ఐదుగురం చుట్టూ నిలబడి ఏది ఎక్కడికో తేల్చుకోలేకపోయాం. అది ఏడాదిపాటు అల్మరా మీద ఉంది, చివరికి ఎవరో సెన్సర్లు పీకేసుకున్నారు. అతని తప్పేం లేదు, మొదటి వారంలోనే అడగాల్సింది మేమే.

అందుకే నువ్వు ఏ గ్రూపులో చేరినా మొదటి రోజే కోడ్ అందరికీ అందే చోట పెట్టించు. తీగకి చీటీ, బోర్డు మీద ఏ పిన్ దేనికో మార్కర్‌తో రాత, పెట్టె మీద పేరు, తేదీ. లేచి వెళ్లే ముందు ఐదు నిమిషాలు నోట్‌బుక్‌లో రాయి: ఈరోజు ఏం చేశాం, ఎక్కడ ఆగాం, తర్వాత ఏం చేయాలి. పనిచేయనివి కూడా రాయి, అవి రాయకపోతే వచ్చే వారం ఇంకొకరు అదే తప్పు మళ్లీ చేస్తారు. మొదటి మెట్టు చాలా చిన్నది పెట్టుకోండి, ఒక్క సెన్సర్, ఒక్క అంకె తెర మీద కనబడితే చాలు, అది చూశాక జనానికి ఊపు వస్తుంది. పని అందరిదీ అయినా, ఎక్కడిదాకా వచ్చింది అని అడిగితే జవాబు చెప్పే మనిషి ఒకరు ఉండాలి. ఇంకొకరి ప్రాజెక్టు పెట్టెలోంచి చిన్న రెసిస్టర్ కూడా అడక్కుండా తీయకు, అది ఎంత దుమ్ము పట్టి ఉన్నా సరే.

కలిసే రోజు మార్చకండి. 2007 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్ అనే హ్యాకర్ల సమావేశంలో, హ్యాకర్‌స్పేస్‌లు నడిపిన అనుభవంతో జర్మన్ హ్యాకర్లు కొన్ని సూత్రాలు చెప్పారు. అందులో ఒకటి ఇది: ఏ రోజు పెట్టినా ఎవరో ఒకరికి కుదరదు, కాబట్టి వాదించుకోకుండా ప్రతి మంగళవారం కలవండి అని. అది ఎంత నిజమో రోజు కోసం నెలంతా కొట్టుకున్న గ్రూపులని చూసినవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. మాట తేడా వస్తే మెసేజీల్లో సాగదీయకు, కలిసే రోజు దాకా ఆగి ఎదురుగా కూర్చుని మాట్లాడు.

ఇక నీ రేడియో. ముందు బ్యాటరీ గూడు చూడు. రేకుల మీద తెల్లగా, పచ్చగా పొక్కు కట్టి ఉంటే ఆల్కలైన్ బ్యాటరీ కారిందన్నమాట. దూదిపుల్లని వెనిగర్‌లో ముంచి తుడువు, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బాగా ఆరనివ్వు. అప్పటికీ పలకకపోతే ఇయర్‌ఫోన్ పెట్టి విను. అందులో వినిపించి స్పీకర్‌లో రాకపోతే జాక్ లోపలి కాంటాక్ట్ ఇరుక్కుపోయి ఉండొచ్చు, ప్లగ్‌ని పదిసార్లు పెట్టి తీయి. వాల్యూమ్ తిప్పుతుంటే బరబర శబ్దం వస్తే కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు చాలు. వీటిలో ఏదీ కాకపోతేనే మూత విప్పండి. శనివారం పూర్తి కాకపోతే ఎక్కడిదాకా చూశారో చీటీ రాసి రేడియోకే అంటించి రా. గూడు ఫొటో నాకూ పంపు, ఆ రేకులు ఎలా ఉన్నాయో చూడాలని ఉంది.

నీ బాబాయి