వీసాల వ్యాపారంలోకి దిగే ముందు

చి. సుధాకర్‌కు పెదనాన్న ఆశీస్సులు.

గల్ఫ్‌కు మనుషుల్ని పంపే ఆఫీసు చెన్నైలో తెరుస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. రాజంపేట కుర్రవాడు ఎగ్మోర్‌లో బోర్డు పెడుతున్నాడంటే నాకు గర్వంగానే ఉంది. "వాడు మనవాడు, ఎవరినీ మోసం చేయడు" అంటోంది మీ పెద్దమ్మ. మోసం చేస్తావని నా భయం కాదు. మోసం చేసే ఉద్దేశం లేకుండానే ఈ వ్యాపారంలో మనిషి చెడిపోవచ్చు.

1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ చేతికి వచ్చేదాకా ఎవరి పాస్‌పోర్టూ ముట్టుకోకు. సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, రసీదు. అంతకు మించి పైసా వద్దు. పదో తరగతి పాసు కానివాళ్లకు గల్ఫ్ వెళ్లడానికి మన ప్రభుత్వం ఇచ్చే క్లియరెన్సు, బీమా చూసుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియనిది మీ నాన్న సంగతి. కువైట్‌లో యజమాని మంచివాడు కాక తిరిగి వచ్చేశానని నీకు చెప్పాడు. ఎవరికీ చెప్పవద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు ఇప్పుడు తీసి గట్టున పెడుతున్నాను. వాడు కొన్నది ఆజాద్ వీసా. కాగితం మీద ఒక కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని ఉంటాడు, అతని దగ్గర పని ఉండదు. ఏటా అతనికి డబ్బు కట్టి, బయట ఎక్కడో పని వెతుక్కోవాలి. అది అక్కడి చట్టానికి విరుద్ధం. ఇంటి డ్రైవరు వీసా మీద కువైట్ వెళ్లిన మీ నాన్న ఫర్వానియాలో ఒక బేకరీలో పిండి పిసికాడు. ఆ వీసా కోసం తాకట్టు పెట్టింది మీ అమ్మ గాజులు. ఆకామా, అంటే అక్కడ ఉండడానికిచ్చే అనుమతి, రెన్యువల్‌కు వచ్చేసరికి కఫీల్ రెట్టింపు అడిగాడు. ఇవ్వలేనంటే, పారిపోయాడని కేసు పెట్టాడు. పాస్‌పోర్టు అతని దగ్గరే ఉండిపోయింది. అక్కడి మనవాళ్ల మాటల్లో చెప్పాలంటే కల్లివల్లి అయిపోయాడు, అంటే కాగితాలు లేని మనిషి. బేకరీవాడు జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయలేడు, చేస్తే ముందు పట్టుకునేది తననే. జ్వరం వచ్చినా ఆసుపత్రికి పోలేడు. మా అమ్మ పోయినప్పుడు రాలేదని బంధువులంతా ఆడిపోసుకున్నారే, రాలేకపోయింది అందుకు. 2018లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించింది కాబట్టి జరిమానా లేకుండా విమానం ఎక్కగలిగాడు. మీనంబాక్కం విమానాశ్రయం నుంచి ఇంటికి వచ్చేదాకా "సుధాకర్‌కు ఏం చెప్పమంటావు అన్నా" అన్నదొక్కటే వాడి గొడవ.

మీ నాన్న మీద కోపం పెట్టుకోకు. ఆ వీసా ఇప్పించినవాడు కూడా దుర్మార్గుడేమీ కాడు. "దేశాలు ఇంత బిగించి కూర్చుంటే పక్కదారి వెతకక ఏం చేస్తాం" అనేవాడు. మొన్న నువ్వు దేశాలన్నీ తలుపులు తెరవాలని వాదిస్తుంటే నాకు అతనే గుర్తొచ్చాడు. తెరవాలనే నేనూ అంటాను. కానీ కువైట్ తలుపు మూసి లేదు నాయనా. అక్కడ ముగ్గురిలో సుమారు ఇద్దరు బయటి దేశాలవాళ్లే. ఖతార్‌లో పదిమందిలో తొమ్మిదిమంది దాకా. మీ నాన్నను ముంచింది లోపలికి రానివ్వకపోవడం కాదు, వచ్చాక యజమానిని మార్చుకోనివ్వకపోవడం. పాత యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారవచ్చునని ఖతార్ 2020లో చట్టం మార్చింది. ముందు సడలించవలసిన ముడి అది.

బీచ్ స్టేషను వైపు వెళ్లినప్పుడు బర్మా బజారు చూడు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. ఓడ టికెట్టు కొంటే రంగూన్ వెళ్లిపోవచ్చు. అక్కడి రేవులో మూటలు మోసింది ఎక్కువగా మన కోస్తా కూలీలే. 1930లో వాళ్లు సమ్మె చేస్తే యజమానులు బర్మా వాళ్లను పనిలోకి తెచ్చి, సమ్మె తీరగానే వెళ్లగొట్టారు. ఆ కడుపుమంటంతా తెలుగువాళ్ల మీదికి తిరిగింది. వీధుల్లో నరికారు. తర్వాత 1960లలో అక్కడి ప్రభుత్వం దుకాణాలు లాక్కుంటే మద్రాసుకు తిరిగివచ్చిన భారతీయులు పెట్టుకున్నది ఆ బజారు. స్థానికుల కూలి పడగొట్టడానికి బయటివాళ్లను వాడుకునే యజమానికి నువ్వు మనుషుల్ని పంపితే, రేపు దెబ్బలు తినేది నువ్వు పంపినవాళ్లు.

ఇంకొకటి, నీకు నచ్చదు. తలుపు ఎంత బిగిస్తే ఏజెంటుకు అంత గిరాకీ. నిజంగా సరిహద్దులు తెరుచుకుంటే నీ ఆఫీసుకు ఎవరూ రారు. రాకపోతే బాగుండునని అనుకుంటూ ఈ పని చేయగలవా? చేయగలిగితే చెయ్యి.

ఆజాద్ వీసా కావాలని ముందుగా మన ఊరివాళ్లే వస్తారు. కుదరదను. తిట్టుకుంటూ పోతారు, పోనీ.

బోర్డు పెట్టేముందు ఒప్పంద పత్రాలు తీసుకుని ఇంటికి రా, ఒక్కొక్క వాక్యం చదువుదాం. హోటలు తిండి మానేసి రాత్రి భోజనానికి ఇక్కడికే రమ్మంటోంది మీ పెద్దమ్మ. ఎవరి దగ్గరా అడ్వాన్సు తీసుకోలేదు కదా? తీసుకుని ఉంటే ముందు అది తిరిగి ఇచ్చేసి రా.

మీ పెదనాన్న
చెన్నై