సముద్రం పక్కనే కదా అనుకోకు

చి. సింధుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "ఏదో ఎర్ర రాయి మొక్కట, వంద గింజలు తెప్పించింది, డాబా మీద వేస్తుందట" అని చెప్పింది. పేరేమిటే అంటే నువ్వు రాసిపెట్టిన చీటీ చూసి కూడబలుక్కుంటూ చదివింది. లిథాప్స్ ఆప్టికా రూబ్రా. విన్న వెంటనే గర్వంగా అనిపించింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. గులకరాళ్లలా కనిపించే ఈ లిథాప్స్ లో ఇన్ని రకాలుండగా పోయి పోయి దాన్నే పట్టుకున్నావా తల్లీ?

"సముద్రం ఒడ్డు మొక్కే కదా, విశాఖలో ఎందుకు బతకదు" అన్నావట. ఆ ఒక్క మాట కోసమే ఈ ఉత్తరం రాస్తున్నా.

అది పుట్టింది నమీబియాలో, దక్షిణ తీరాన ల్యూడెరిట్జ్ అనే ఊరి చుట్టుపక్కల ఎడారిలో. అక్కడున్నదీ సముద్రమే గానీ చల్లని సముద్రం. బెంగ్వేలా ప్రవాహం దక్షిణం నుంచి చలినీళ్లు మోసుకొస్తుంది. దాని మీదుగా వీచే గాలి వాన తేదు, పొగమంచు తెస్తుంది. ఏడాది మొత్తం కలిపినా వాన సగటున 20 మి.మీ. దాటదు. మీ ఊళ్లో ఆ మాత్రం ఒక్క సాయంత్రంలో కురిసిపోతుంది. అక్కడ పగలు కూడా 20 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది, రాత్రి దుప్పటి కావాలి. మరి మీ డాబా మీద మే నెల అర్ధరాత్రి 28 డిగ్రీలు, ఒళ్లంతా జిగట. రెండు ఊళ్లకీ సముద్రం ఉందని ఒకటే అనుకుంటే ఎలా?

రాత్రి సంగతే ఎందుకు పట్టుకున్నానంటే, ఈ మొక్క రాత్రిపూటే గాలి పీల్చుకుంటుంది. పగలు నీరు ఆవిరైపోకుండా ఆకు రంధ్రాలు బిగించుకుని, చీకటి పడి చల్లబడ్డాక తెరిచి, కార్బన్ డయాక్సైడ్ లోపలికి తీసుకుని దాచుకుంటుంది. తెల్లారి ఎండ వచ్చాక ఆ నిల్వతో వంట చేసుకుంటుంది. రాత్రి చల్లబడకపోతే నిల్వ సరిగ్గా చేరదు, పెరుగుదల ఆగిపోతుంది. పెరగని మొక్క వేరు నీళ్లు తాగదు. తాగని నీళ్లు వేడి మట్టిలో నిలిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? నాకు ఎండంటే అంత భయం లేదు, దానికి షేడ్ నెట్ ఉంది. వేడి రాత్రి, తడి కుండీ కలిసి వచ్చాయంటేనే భయం. కింద చెప్పేదంతా ఆ భయంతో చెప్పేదే.

ముందు గింజల సంగతి. ఎవరి దగ్గర తీసుకున్నావో మీ అమ్మకు తెలియదు. విదేశం నుంచి నేరుగా కవరులో వచ్చినవైతే తప్పు నీదే. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిట్, తెగుళ్లు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. ఇక్కడే పెంచి, తల్లి మొక్కల్ని ఫోటోలో చూపించగల వాళ్ల దగ్గరే కొను. నీలం, ఊదా రంగు లిథాప్స్ గింజలు అని అమ్మేవాళ్ల జోలికి అసలు పోకు. ముదిరిన మొక్క అమ్ముతామని ఎవరైనా వస్తే వేరు చూడు. పైన గాట్లు, మచ్చలు, పాత చర్మం పొరలు పొరలుగా ఉండి, లావు వేరు తెగి ఉంటే అది ఎడారి నుంచి పెరికినది కావచ్చు. ఎంత ముద్దొచ్చినా వదిలెయ్యి. ఆ ఎడారిలో కూడా ఎర్రవి మామూలు బూడిదరంగు ఆప్టికాల మధ్య ఎక్కడో ఒకటి కనిపిస్తాయి. అవి ఇన్నాళ్లు మిగలడానికి ఒక విచిత్రమైన కారణం కూడా ఉంది. 1908లో ల్యూడెరిట్జ్ దగ్గర రైలు పట్టాల మీద పనిచేసే జకరియాస్ లెవాలాకు ఒక వజ్రం దొరికింది. దాంతో అప్పుడు అక్కడ పాలిస్తున్న జర్మన్లు చుట్టుపక్కల నేలంతా నిషేధిత ప్రాంతం చేసేశారు. వజ్రాల కోసం వేసిన కాపలా మొక్కలకు కూడా కాపలా అయింది. 2008లో ఆ ప్రాంతాన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు.

వందా ఒకేసారి వెయ్యకు. యాభై వెయ్యి. మిగతావి సిలికా జెల్ పొట్లంతో చిన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచు, ఏళ్ల తరబడి చెడవు. నాకు ఈ బుద్ధి ఆలస్యంగా వచ్చింది.

నాటేది డిసెంబరు మొదటి వారంలో. రాత్రి 17, 18 డిగ్రీలకు దిగే కాలం మీకు అదొక్కటే, వేసవి వచ్చేలోపు మొలకలకు మూడు నెలలు దొరుకుతాయి.

నాలుగంగుళాల ప్లాస్టిక్ కుండీ చాలు, అడుగున రంధ్రాలుండాలి. మట్టికుండీ మొలకలకు వద్దు, అంచుల దగ్గర తొందరగా ఆరిపోతుంది. మిశ్రమంలో నాలుగు వంతులు రాయి, ఒక వంతు కోకోపీట్, అదే కొబ్బరి పీచు పొట్టు. రాయి అంటే ప్యూమిస్ అనే తేలికైన అగ్నిపర్వత రాయి దొరికితే అది, లేకపోతే ఎర్ర ఇటుక కొట్టి జల్లెడ పట్టిన 2 మి.మీ. బెడ్డలు, సగం పెర్లైట్ అనే తెల్లటి తేలిక గుళికలు, కాస్త ముతక ఏటి ఇసుక. పొడి పడకూడదు, కడిగి పారెయ్యి. పొడి ఉంటే అడుగున సిమెంటులా గట్టిపడి నీళ్లు దిగవు. బీచ్ ఇసుక మాత్రం తేకు సింధూ. ఇంటికి పది నిమిషాల దూరంలో ఉచితంగా ఉందని నీకు అనిపిస్తుంది, నాకు తెలుసు. అందులో ఉప్పు ఉంటుంది, ఎంత కడిగినా రేణువులు మరీ సన్నం. కోకోపీట్‌లోనూ ఉప్పుంటుంది, మూడు నీళ్లు మార్చి పిండు. కలిపిన మిశ్రమం మీద మరిగే నీళ్లు పోసి చల్లారనివ్వు.

గింజలు గసగసాల కన్నా సన్నం. తుమ్మితే ఎగిరిపోతాయి, నవ్వకు. చెంచాడు పొడి ఇసుకలో కలిపి మడత పెట్టిన కాగితం మీంచి చల్లు. పైన మట్టి కప్పకు. కాచి చల్లార్చిన నీళ్లు పళ్లెంలో పోసి కుండీని అందులో నిలబెట్టు. పైభాగం తడి రంగు తేలగానే తీసేయ్. కుండీని జిప్ కవర్లో పెట్టి వెలుతురు బాగా ఉండి నేరు ఎండ తగలని చోట ఉంచు. నాలుగో రోజు నుంచి రెండు వారాల్లోపు మొలుస్తాయి, అప్పుడే ముదురు గులాబీ రంగులో కనిపిస్తాయి. కొన్ని పచ్చగా వస్తే తీసిపారెయ్యకు, అవి మామూలు ఆప్టికా అయ్యుంటాయి, వాటి అందం వాటిది.

రెండు వారాలయ్యాక కవరు రోజూ గంటసేపు తెరువు, మూడో వారం చివరికి పూర్తిగా తీసెయ్యి. చాలామంది ఇక్కడ ఆలస్యం చేస్తారు. మీ ఊరి గాలిలో తేమ ముందే ఎక్కువ, కవరు కూడా ఉంచితే నారుకుళ్లు వస్తుంది. మొలక మొదలు దగ్గర నీరు పట్టినట్టయి పడిపోతుంది, మర్నాటికి పక్కవి కూడా. ఒక్కటి పడగానే చుట్టూ అంగుళం మట్టితో సహా స్పూనుతో ఎత్తెయ్యి, లీటరు నీళ్లకు గ్రాము కార్బెండజిమ్ అనే బూజు మందు కలిపి ఒకసారి పిచికారీ చెయ్యి, చిన్న ఫ్యాను పెట్టు. ఆకుపచ్చ నాచు పేరుకుంటే నీళ్లు ఎక్కువవుతున్నాయని అర్థం.

మొదటి వేసవే అసలు గండం. పెద్ద మొక్కలా దాన్ని ఎండబెట్టలేవు, నిల్వ ఉండదు. తడిగా ఉంచలేవు, కుళ్లుతుంది. ఏప్రిల్ రాగానే డాబా మీంచి దించి ఇంట్లో అన్నిటికన్నా చల్లని గదిలో పెట్టు. రాత్రి ఏసీ వేసుకునే గది ఉంటే అందులోనే పెట్టు, మీ ఆయన్ని నేను ఒప్పిస్తాను. ఎల్ఈడీ దీపం జానెడు ఎత్తున రోజుకు 12 గంటలు. నీళ్లు తెల్లవారుజామున అడుగు నుంచి, మర్నాటికి పైభాగం ఆరిపోయేంత మాత్రమే.

ఇప్పుడు నా తప్పు సంగతి. ఇది జాగ్రత్తగా చదువు, మిగతాది మర్చిపోయినా ఫర్వాలేదు.

లిథాప్స్‌కు ఒక జత ఆకులే ఉంటాయి. ఏడాదికి ఒకసారి పాత జత మధ్యలోంచి కొత్త జత పుడుతుంది. కొత్తదానికి కావలసిన నీరు, పోషకాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? వేరు నుంచి కాదు. పాత జతలోంచి. అమ్మ ఒంట్లోది బిడ్డ తాగినట్టు, కొత్తవి పాతవాటిని పీల్చేసి కాగితంలా చేసి వదులుతాయి. మన దగ్గర ఇది పువ్వు వాడిన తర్వాత, జనవరి నుంచి మార్చి దాకా జరుగుతుంది. ఆ రోజుల్లో మొక్క చూడటానికి ఘోరంగా ఉంటుంది. ముడతలు పడి, మెత్తబడి, ఒక పక్కకి వాలిపోతుంది. చూసినవాళ్లెవరికైనా "అయ్యో దాహం" అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించి, ఒక ఫిబ్రవరిలో నాలుగేళ్లు పెంచిన మొక్కలన్నిటికీ నిండా నీళ్లు పోశాను. నువ్వప్పుడు రెండో క్లాసు, సెలవులకు వచ్చి పక్కనే కూర్చుని "పెద్దమ్మా, రాళ్లకు దాహం వేస్తుందా?" అని అడిగావు. ఆ ప్రశ్న నేను వేసుకోవాల్సింది.

నీళ్లు పడ్డ మూడో రోజుకు ముడతలు పోయి నిగనిగలాడతాయి. మోసమంతా అక్కడే. పాత ఆకులు మళ్లీ నిండిపోవడంతో ఎండటం మానేస్తాయి. లోపల కొత్త జత వాటి మధ్య ఇరుక్కుపోతుంది. ఒక మొక్క మీద రెండు అంతస్తులు లేచినట్టు కనిపిస్తుంది, పక్కల చీలికలు కూడా రావచ్చు. మార్చి చివర రాత్రులు వేడెక్కేసరికి వేరు పని ఆపేస్తుంది, కానీ ఆ రెండు జతల నడుమ సందులో తేమ అలాగే ఉంటుంది. కుళ్లు ఆ సందులోనే మొదలై, ఆకులూ వేరూ కలిసే మెడలోకి దిగుతుంది. ముందు రంగు గాజులా మారుతుంది, తర్వాత వేలితో తాకితే లోపల నీళ్లు కదిలినట్టుంటుంది, ఆ తర్వాత వాసన. కొత్త ఆకు పుట్టే మొగ్గ ఆ మెడలోనే ఉంటుంది కాబట్టి, అక్కడికి దిగాక కోసినా దక్కదు.

పొరపాటున పోశావే అనుకో, పాత ఆకుల్ని ఒలిచెయ్యకు. ఆ తొందర కూడా నేను పడ్డాను, గాయంలోంచి కుళ్లు ఇంకా త్వరగా వెళ్లింది. నీళ్లు పూర్తిగా ఆపి, ఎండ, గాలి పెంచి, అక్టోబరు దాకా చూడటం తప్ప చేసేదేమీ లేదు. కొన్ని నిలదొక్కుకుంటాయి.

పాత జత పూర్తిగా గోధుమరంగు కాగితం అయి, కొత్త జత గట్టిగా నిలబడ్డాకనే నీళ్ల ఆలోచన. పుస్తకాల్లో వసంతంలో మళ్లీ నీళ్లు మొదలుపెట్టమంటారు. ఆ వసంతం చలిదేశాలది. మీకు అప్పటికే ఏప్రిల్, కాబట్టి దాటెయ్. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా, పక్కలు కూడా ముడతపడి వేలికి మెత్తగా తగిలితేనే కుండీ అంచున ఒక పెద్ద చెంచా నీళ్లు, అదీ గాలి ఆడే, వాన లేని సాయంత్రం. నెలకు ఒకసారి మించకూడదు. అక్టోబరు రెండో సగంలో రాత్రులు తేలికపడ్డాక నిండా పొయ్యి, ఆ తర్వాత మట్టి పూర్తిగా ఎండాక, రమారమి 15 రోజులకోసారి, పువ్వు దాకా. ఇదంతా ఏడాది దాటిన మొక్కలకు. మొలకలకు పైన చెప్పిందే.

అక్టోబరంటే మీకు తుఫాన్ల నెల కూడా. 2014లో హుద్‌హుద్ 12వ తేదీన వచ్చింది, మర్చిపోలేదుగా? పైన పాలికార్బొనేట్ షీటు వేస్తే నట్లు బిగించే వెయ్యి, చుట్టూ తెరిచి ఉంచు. హెచ్చరిక రాగానే కుండీలు లోపలికి. ముసురు పట్టిన వారంలో నీళ్ల రోజు వచ్చినా పొయ్యకు.

ఎండ సంగతి తేలికే. ఉదయం నాలుగైదు గంటలు, మధ్యాహ్నం 50 శాతం నెట్. మొక్క పొడుగు సాగితే వెలుతురు చాలలేదని, తెల్ల మచ్చ పడితే ఒక్కసారిగా ఎండలో పెట్టావని. ఆకుల సందుల్లో, వేళ్లకు పిండినల్లి పడుతుంది, స్పిరిట్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో తుడువు. ఉడుతలకు ఇవి బాదం పప్పుల్లా కనిపిస్తాయి, తీగ జాలీ తప్పదు.

మూడు నుంచి ఐదేళ్లకు పువ్వు. తెల్లగా, చిన్నగా, ఎండ ఉన్న మధ్యాహ్నం విచ్చుకుని సాయంత్రం ముడుచుకుంటుంది. తన పుప్పొడితో తను కాయ కట్టదు, వేరే గింజ నుంచి వచ్చిన ఇంకో మొక్క కావాలి. సన్నటి కుంచెతో నువ్వే చెయ్యాలి. ఎరుపు నిలవాలంటే రెండూ ఎర్రవే అయ్యుండాలి. కాయ ఎండాక కొయ్యి. చుక్క నీరు వేస్తే నక్షత్రంలా విచ్చుకుంటుంది, ఆరితే మూసుకుంటుంది. ఎడారిలో వాన పడితేనే గింజ బయటికి వదిలే ఏర్పాటు అది. మొదటిసారి చూసేటప్పుడు మీ అమ్మను పక్కన కూర్చోబెట్టుకో.

ఇటుక కొట్టి, 2 మి.మీ. జల్లెడ పట్టి, మూడుసార్లు కడిగి ఆరబెట్టాను. మీ నాన్న వచ్చే నెల మదనపల్లె వస్తున్నాడుగా, ఐదు కిలోల సంచి ఇచ్చి పంపుతా. బరువని గొణిగితే నాతో మాట్లాడమను. అప్పటిదాకా గింజల పొట్లం విప్పకు.

మీ పెద్దమ్మ