అల్లుడికి, పొలం పైసల గురించి

ప్రియమైన అల్లుడికి, ప్రభువు నామంలో మామ వందనాలు.

కల్వకుర్తి రోడ్డు మీది మీ నాయన మూడెకరాలు వెంచరోళ్లకు అమ్మినవని, పైసలు రాంగనే దశమభాగం తీసి చర్చికి కొత్త రేకులు వేయిస్తనని దేవునికి మాట ఇచ్చినవని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మంచి ఆలోచనే. కానీ రేకులకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది.

లూకా 12వ అధ్యాయం తీసి చదువు. కొట్లు విప్పి పెద్దవి కట్టుకుంటనన్న ధనవంతుని ఉపమానం మనం కోత పండుగల్లో విన్నదే. అదెందుకు చెప్పవలసి వచ్చిందో మాత్రం పట్టించుకోం. గుంపులో ఒకడు, మా అన్నతో చెప్పి ఆస్తిల నా పాలు నాకు ఇప్పించమని అడిగిండు. అప్పుడు ప్రభువు లోభం గురించి హెచ్చరించి ఈ ఉపమానం చెప్పిండు. ఆస్తి పంపకాల కాడ పుట్టిన మాట అది. మన ఇండ్లల్ల ఆడపిల్లలు అడగను కూడా అడగరు.

మా నాయన పోయినాక పొలం నా పేరు మీదికి మార్పించుకున్న నాడు మీ అమ్మ పొద్దటి బస్సుకే వచ్చింది. చూపించిన కాడల్లా సంతకం పెట్టింది. మీ అత్త కోడిని కోసింది, పోయేటప్పుడు చీర పెట్టినం. ఆ చీర మడతను చేత్తో నిమురుకుంట, "అన్నా, చేను గట్టు మీది చింతచెట్టు కాయ ఏటా ఇంత పంపు" అన్నది. అడిగింది అంతే. అప్పటికి నేను సంఘపెద్దను. ఆమె పాలు మీద పండిన పంటల్నించి పదో వంతు తీసి దేవునికి ఇచ్చిన అనుకున్న. పుదీనాల, సోపుల, జీలకర్రల పదో వంతు లెక్కగట్టి న్యాయాన్ని విడిచిపెట్టినోళ్ల సంగతి మత్తయి 23ల ఉంది. అది చదివినప్పుడల్లా నా గుండెల గుచ్చుకునేది. పోయినేడు ఆమె పాలు ఆమె పేరు మీద చేసిన. చింతచెట్టును మాత్రం ఎప్పుడో కొట్టించిన.

నీ లెక్క తేలికే. మన క్రైస్తవులకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. వీలునామా రాయకుండా తండ్రి పోతే తల్లికి మూడో వంతు, మిగిలింది పిల్లలందరికీ సమానం. ఆడా మగా తేడా లేదు. అమ్మకు ఎకరం, అక్కకు ఎకరం, నీకు ఎకరం. అక్క పెండ్లికి కట్నం పెట్టినం గదా అంటవేమో. ఆ కట్నం బావ చేతికి పోయింది బిడ్డా, అక్క చేతికి కాదు.

నీ ఎకరం పైసల్నించి దశమభాగం తీయి, రేకులు వేయించు. గోడ మీద పేరు మాత్రం చెక్కించకు. విత్తనం వేస్తే నూరంతలు వస్తదని ఫోన్లో పైసలడిగే ప్రసంగీకునికి రూపాయి కూడా పంపకు. ఇచ్చుడు ఎట్లనో మీ అమ్మను చూసి నేర్చుకో. ఎసరు పెట్టే ముందు రోజూ పిడికెడు బియ్యం కుండల వేస్తది. కరువు ఏడు పిడికిలి చిన్నగైంది గానీ ఒక్కపూట ఆపలేదు.

వచ్చే ఆదివారం ఆరాధన అయినాక జడ్చర్లకు వస్త. ఇద్దరం కలిసి అక్క ఇంటికి పోదం. చెక్కు అక్క పేరు మీదనే రాయి, బావ పేరు మీద కాదు. ఆమె వద్దంటది. మీ అమ్మ కూడా నాకు మొదట వద్దనే చెప్పింది. ఆ మాట పట్టుకొని చెక్కు జేబుల పెట్టుకోకు.

మీ మామ