పాత మారుతి 800కు పట్టిన తుప్పును ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా? లప్పం పెడితే సరిపోతుందా?

విజయనగరం నుండి ఈ ప్రశ్న అడిగినవారి కారు 1996 నాటి మారుతి 800. వెనుక చక్రం పైనా, తలుపుల కిందా రంగు పొక్కులు లేచిందట. ఆ పొక్కులను గీకి, లప్పం పెట్టి, డబ్బా స్ప్రేతో రంగు కొట్టుకుంటే చాలునా అన్నది వారి సందేహం. ఇంట్లో చేసుకోవచ్చు. లప్పం మాత్రం చాలదు. ఈ రెండో మాటను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా కారు లోపల దొరికిన ఒక పాత దినపత్రిక ముక్క.

మాది టెక్కలి. 1993 ఆగస్టులో రిజిస్ట్రేషను అయిన మారుతి 800ను నేను 1999లో ఒక బంధువు దగ్గర కొన్నాను. నౌపడా వైపు ఉన్న బడికి పద్నాలుగేళ్ల పాటు, ఉప్పు మడుల పక్కనుండి, ఆ కారులోనే వెళ్లి వచ్చాను. ఇనుము తుప్పు పట్టడానికి నీరు, గాలి ఉంటే చాలు. వాటికి ఉప్పు తోడైతే ఆ నీటిలో విద్యుత్తు సులువుగా ప్రవహించి తుప్పు పరుగు అందుకుంటుందని పిల్లలకు పాఠం చెప్పినవాడిని నేనే. అయినా ఆ పాఠం నా కారుకు వర్తిస్తుందని అన్నాళ్లూ తోచలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా షెడ్డు రేకులు ఎగిరిపోయాయి. కారు రెండు రోజులు తలుపు గడప దాకా నీటిలో నిలబడింది. నెల తిరిగాక ఒక షాపుకు తీసుకువెళితే, కుళ్లినదంతా కోసి కొత్త రేకు వేశామని చెప్పి 18,000 రూపాయలు తీసుకున్నారు. రంగు అద్దంలా ఉంది. చూసి మురిసిపోయి ఇంటికి వచ్చాను.

2023 వేసవిలో, వెనుక సీటులో కూర్చున్న మా మనవడు "తాతా, కాళ్ల కింద తడిగా ఉంది" అన్నాడు. వాన పడి అప్పటికి పది రోజులు దాటింది. తివాచీ ఎత్తి చూస్తే దాని కింద పరిచే మందపాటి మెత్తని పట్టా, అంటే ఫెల్టు, నీరు పీల్చిన స్పాంజిలా ఉంది. స్క్రూడ్రైవరు తెచ్చి నేల రేకు మీద మెల్లగా ఒత్తితే, వేయించిన అప్పడంలోకి దిగినట్టు దిగిపోయింది. ఆ కంతలోంచి మా వాకిటి సిమెంటు గచ్చు కనిపించింది.

అప్పుడు ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉన్న అయస్కాంతం బొమ్మను తీసుకువచ్చాను. తలుపుల కింద పొడవునా పెట్టెలాగా ఉండే భాగాన్ని మా వైపు మెకానిక్కులు రన్నింగ్ బోర్డు అంటారు. దాని మీద ఆ బొమ్మను ముందునుండి వెనక్కి జరుపుకుంటూ వెళ్లాను. కొంత దూరం గట్టిగా అతుక్కుంది, తరువాత బలహీనపడింది, వెనుక చక్రానికి జానెడు దూరంలో జారి కింద పడింది. అక్కడ ఉన్నది ఇనుము కాదు. ఉలి పెట్టి కొడితే బొటనవేలు మందాన లప్పం బిళ్ల ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. దాని వెనుక గోనె పట్టా ముక్క, దాని వెనుక మడతలు పెట్టి కుక్కిన దినపత్రిక ఉన్నాయి. మడత విప్పితే పడిపోయిన జీడిమామిడి తోటల బొమ్మ, ఒరిగిన కరెంటు స్తంభాల బొమ్మ, పైన 2018 అక్టోబరు తేదీ. నా కారును ముంచిన తుపాను వార్తనే నా కారులో కుక్కి పైన రంగు వేశారు. నాలుగు వర్షాకాలాల నీటిని పీల్చిన ఆ కాగితం ఇంకా తడిగానే ఉంది. మా ఆవిడ దానిని చూసి, "పద్దెనిమిది వేలకు ఒక్క రోజు పేపరా! చందా కట్టినా ఇంత కాదు" అంది.

లప్పం చెడ్డ పదార్థమని నేను అనను. కుళ్లు లేని రేకు మీద, సొట్ట తీసిన తరువాత మిగిలే రెండు మూడు మిల్లీమీటర్ల ఎగుడుదిగుడులను సరిచేయడానికే అది పుట్టింది. కంతను పూడ్చడానికి కాదు. అది గట్టిపడిన తరువాత కూడా తేమను పీల్చుకునే గుణం కలది కనుక వెనుక వైపు తెరిచి ఉంటే నీటిని పట్టి ఉంచుతుంది. పైగా తుప్పు తాను తిన్న ఇనుము కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రంగు పొక్కడానికి కారణం అదే. పైన రూపాయి బిళ్లంత పొక్కు కనిపిస్తే లోపల అరచేయంత కుళ్లు ఉందనుకొని పని మొదలుపెట్టాలి. నాకు ఇంతవరకు ఆ లెక్క తప్పలేదు.

మారుతి 800కు విడిగా చాసిస్ ఉండదు, శరీరమే చాసిస్. ఆ రన్నింగ్ బోర్డు, నేల రేకు కలిసి వెన్నెముకలా కారును మోస్తాయి కాబట్టి, రెండు వైపులా ఒకేసారి కోస్తే కారు నడుము వంగి తలుపులు పట్టకుండా పోయే ప్రమాదం ఉంది. నేను ఒక వైపు పూర్తయ్యేవరకు రెండో వైపు ముట్టుకోలేదు. కోసే ముందు కారు కింద నాలుగు స్టాండ్లు పెట్టి, తలుపుకూ శరీరానికీ మధ్య సందును పైనా కిందా కొలిచి గోడ మీద రాసుకున్నాను. జాకీ ఒక్కదాని మీద ఆనించిన కారు కిందికి ఎవరూ దూరవద్దు. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు ఊడదీశాను, సీట్లు, ఫెల్టు, తివాచీ అన్నీ బయట పెట్టాను, పెట్రోలు ట్యాంకు దింపించాను. ఇంధన గొట్టం నేల రేకు అడుగునుండే ముందుకు వస్తుందన్న సంగతి చాలామంది మరచిపోతారు. రెండు బకెట్ల ఇసుక, రెండు బకెట్ల నీరు పక్కన పెట్టుకొని గ్రైండరు పట్టుకున్నాను. ఎదురింటాయన గేటు దగ్గర నిలబడి, "ఏటి మాస్టారూ, కారుకి ఆపరేసన్ సేత్తన్నారేటి?" అని అడిగాడు. కాదనలేకపోయాను.

కోయడంలో మొహమాటం పనికిరాదు. గోధుమ రంగు పోయి తెల్లగా మెరిసే రేకు తగిలేవరకు కోయాలి. ఆ తరువాత పాత క్యాలెండరు అట్టను కత్తిరించి, అటూ ఇటూ తిప్పి, సరిపోయిన ఆకారాన్ని 0.8 మిల్లీమీటర్ల సీఆర్ షీటు (జింకు పూత లేని నున్నని ఉక్కు రేకు) మీద గీసుకున్నాను. అతుకు మూలలను గుండ్రంగా కోయాలి. కోసుగా వదిలిన మూల దగ్గరే తరువాత పగులు మొదలవుతుంది. కొందరు ఇంటి కప్పుకు వాడే జీఐ రేకును వాడతారు. దాని మీది జింకు పూత కాలినప్పుడు వచ్చే పొగ పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. వెల్డింగు చేసేచోట ఆ పూతను గీకేయాలని చెప్పినా వినేవారు తక్కువ.

వెల్డింగు నేను చేయలేదు. గేట్లకు, గ్రిల్సుకు వాడే ఆర్క్ వెల్డింగు ఈ పలుచని రేకును కాల్చి కంత పెడుతుంది. మా వీధి చివరి షాపులోని కుర్రవాడు సీఓటూ వెల్డింగు (కార్బన్ డయాక్సైడు వాయువు రక్షణలో సన్నని తీగతో చేసే వెల్డింగు) యంత్రాన్ని తోపుడు బండి మీద తెచ్చి మా వాకిట్లోనే పని చేశాడు. "రేకు పల్సగున్నాది మాస్టారూ, ఒక్క సోటే అంటిస్తే సిల్లు పడిపోద్ది" అంటూ, ఇక్కడొక చుక్క, జానెడు దూరంలో ఇంకొక చుక్క, మళ్లీ వెనక్కి వచ్చి ఆ రెండింటి మధ్య మరొక చుక్క పెట్టాడు. రేకు చల్లారడానికి మధ్యలో టీ తాగేవాడు. వేడి ఒకేచోట పోగుపడితే రేకు వంకర తిరుగుతుంది కాబట్టి ఆ టీ కూడా పనిలో భాగమే. ఆ కుర్రవాడికి ఉన్న శ్రద్ధలో సగం 2018లో ఆ షాపువారికి ఉండి ఉంటే నేను ఈ జవాబు రాసే అవసరం ఉండేది కాదు.

మా తీరంలో పని చేసేవారికి ఒక హెచ్చరిక. ఒక సాయంత్రం గ్రైండింగు ముగించి, మెరుస్తున్న రేకును చూసి తృప్తిపడి, ప్రైమరు రేపు వేద్దామని పడుకున్నాను. తెల్లవారేసరికి ఆ రేకు పసుపు పూసినట్టు అయింది. ఒక్క రాత్రి సముద్రపు గాలి చాలింది. మళ్లీ ఎమరీ కాగితంతో రుద్ది, ఎండ బాగా ఎక్కి రేకు పొడిగా ఉన్న వేళ రెండు భాగాలు కలిపి వేసే ఎపాక్సీ ప్రైమరు పూశాను. మామూలు ప్రైమరు తేమను లోపలికి రానిస్తుంది. దానితోనే వదిలేసి రంగు వర్షాకాలం తరువాత చూద్దాం అనుకుంటే కింద మళ్లీ తుప్పు మొదలవుతుంది. ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందులు కూడా దొరుకుతాయి. అవి రేకు మీది సన్నని గుంటల్లో మిగిలిన తుప్పును నల్లని పొరగా మార్చడానికి మంచివే, కానీ కంత పడిన రేకును ఏ మందూ తిరిగి రేకుగా మార్చదు.

అసలు నేను చెప్పదలచుకున్నది తలుపుల అడుగున ఉండే కంతల గురించి. కిటికీ అద్దం పక్కనుండి దిగే వాన నీరు తలుపు లోపలికే పోతుంది. అది కారిపోవడానికి తయారుచేసినవారే తలుపు అడుగున చిన్న కంతలు పెట్టారు. ఆ షాపువారు అడుగున తారులాంటి నల్లని కోటింగును దట్టంగా కొట్టి వాటన్నింటినీ మూసేశారు. సైకిలు పుల్లతో ఒక్కొక్కటీ పొడిచాను. ఎడమ తలుపునుండి గ్లాసెడు ఎర్రనీరు కారింది, దాని వెంట కుళ్లిన వేపాకు వచ్చింది. వైపర్ల కింద ఉన్న జాలీలో కూడా అదే ఆకు. తడి ఆరని తుప్పు మీద ఆ నల్ల కోటింగును కొట్టించడమంటే పుండు కడగకుండా కట్టు కట్టడం. ప్లాస్టిక్ కారు కవరు సంగతీ అంతే: మన ఉక్కపోతలో అది కారును కాపాడదు, ఆవిరి కుడుముల్లా ఉడికిస్తుంది. రేకుల షెడ్డు కింద గాలి ఆడేలా వదిలితే కవరుతో పని లేదు.

అతుకులు పూర్తయిన తరువాత కీళ్ల మీద సీలెంటు పూసి, రన్నింగ్ బోర్డు లోపలికి సన్నని గొట్టంతో మైనం ద్రావణాన్ని కొట్టాను. లోపలి వైపుకు మీరు చేయగలిగింది అదొక్కటే. నాకు నలభై రోజులు, వెల్డింగు కుర్రవాడి కూలితో కలిపి సుమారు 11,000 రూపాయలు పట్టాయి. పైరంగు మాత్రం బూత్, అంటే దుమ్ము చొరబడని రంగుల గది, ఉన్నచోట వేయించాను. మా వాకిట్లో ఒక వేలెడు మేర ప్రయత్నిస్తే దోమ ఒకటి అందులో శాశ్వతంగా నిలిచిపోయింది. డబ్బా స్ప్రే రంగు పలుచనిది, పెట్రోలు ఒలికితే మెత్తబడుతుంది. కనిపించని చోట్లకు వాడుకోవచ్చు. ఆ ఆగస్టులోనే రిజిస్ట్రేషను పునరుద్ధరణకు వెళ్లాను. పదిహేనేళ్లు దాటిన కార్లకు ఆ రుసుమును అప్పటికే, 2022 ఏప్రిల్ నుండి, 600 రూపాయలనుండి 5,000కు పెంచి ఉన్నారు. పాతదాన్ని శ్రద్ధగా కాపాడుకునేవాడికీ, పొగ కక్కే బండిని తిప్పేవాడికీ ఒకటే రుసుము ఏ న్యాయమో నాకు అర్థం కాదు.

మీ 1996 బండి విషయంలో, లప్పం డబ్బా కొనకముందే వెనుక సీటు కింది తివాచీ ఎత్తి ఫెల్టును చేత్తో పిండి చూడండి. అయస్కాంతాన్ని రన్నింగ్ బోర్డు మీద ఈ చివరనుండి ఆ చివరకు జరపండి. అది ఎక్కడ జారి పడిందో, స్క్రూడ్రైవరు ఎంత లోతు దిగిందో ఇక్కడే రాయండి. ఎంత మేర కోయాలో అప్పుడు చెబుతాను.