పాఠకుల ప్రశ్నలు – జవాబులు: నవలలు దాటి ఏం చదవాలి?

ప్రశ్న: ఇన్నేళ్లూ నవలలే చదివాను. ఇకపై చరిత్ర, విజ్ఞానం, ఆర్థికం వంటివి చదవాలని ఉంది. గ్రంథాలయంలో బీరువాల ముందు నిలబడితే ఏది తీయాలో తోచడం లేదు. సలహా ఇవ్వగలరు.
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అన్ని శాస్త్రాలనూ వరుసగా చదివేద్దామని జాబితా రాసుకోకండి; అటువంటివి చాలావరకు రెండో పుస్తకం దాటవు. మీ ఊరి నుంచే మొదలుపెట్టండి. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన ఒకచోట గ్రానైటు శిలలపై క్వార్ట్‌జైటు (ఇసుకరాయి గట్టిపడి మారిన రాయి) పొరలు పరచుకొని కనిపిస్తాయి. ఆ రెండింటి వయసుల మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల అంతరం ఉంది. అన్నేళ్ల రాయి ఏమైందన్న ప్రశ్నే మిమ్మల్ని భూగర్భశాస్త్రంలోకి తీసుకెళుతుంది. విజయనగర కాలపు తిరుమల శాసనాలలో, భక్తులిచ్చిన సొమ్ముతో ఆలయ గ్రామాలలో చెరువులు, కాలువలు తవ్వించి, పెరిగిన పంటతో నైవేద్యాలు జరిపించిన వైనం ఉంది. అక్కడ చరిత్ర, వ్యవసాయం, ఆర్థికం విడదీయరానంతగా కలిసిపోయి ఉంటాయి. శేషాచలం ఎర్రచందనం వృక్షశాస్త్రానికీ, అటవీ చట్టాలకూ దారి చూపుతుంది.

పుస్తకం చేతిలోకి వచ్చాక అట్ట మీది పొగడ్తలను పట్టించుకోకుండా (అవి అమ్మకానికి రాసినవి), విషయసూచిక, ఆధారాల పట్టిక, ప్రచురణ సంవత్సరం చూడండి. చరిత్రకు పాత పుస్తకమైనా పనికిరావచ్చును గానీ, వైద్యానికి అలా కుదరదు. మీకు బాగా తెలిసిన సంగతి ఏదైనా అందులో ఉంటే, ముందుగా ఆ పేజీలే చదవండి; అక్కడ తడబడిన రచయితను తెలియని విషయాలలో నమ్మడం కష్టం. నచ్చని పుస్తకాన్ని సగంలో తిరిగి ఇచ్చేయడానికి మొహమాటపడకండి.